హాస్పిటల్ బిల్లు వచ్చింది: కార్డు గీకాలా, ప్లాన్ అడగాలా, కాస్త ఆగాలా?

అమెరికాలో మన ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది, మా ఇంట్లోనూ ఉంది. బిల్లు వస్తే వెంటనే కట్టేయడం. గడువు ఇంకా వారం ఉన్నా సరే, కట్టేసి హమ్మయ్య అనుకుంటే గానీ నిద్ర పట్టదు. అప్పు అనే మాట పడకూడదని పెరిగినవాళ్ళం కదా. కరెంటుకీ, అద్దెకీ, క్రెడిట్ కార్డుకీ ఈ అలవాటు బంగారం. హాస్పిటల్ బిల్లు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇదే మనల్ని ముంచుతుంది.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి మావాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. అపెండిక్స్ కావచ్చన్నారు, సీటీ స్కాన్ తీశారు, కాదని తేలింది, తెల్లారేసరికి ఇంటికొచ్చేశాం. మూడు వారాలకి కవరు వచ్చింది. 3,870 డాలర్లు. అడుగున చింపి పంపడానికి చిల్లులు పెట్టిన చీటీ, దాని మీద గడిలో గడువు తేదీ. నేను లాప్‌టాప్ తెరిచి కార్డు నంబరు కొట్టడం మొదలుపెట్టాను, పన్నెండు అంకెలు కొట్టేశాను కూడా. మా ఆవిడ వెనక నుంచి "ఈఓబీ వచ్చిందా?" అంది.

రాలేదు. ఈఓబీ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ పంపే లెక్క కాగితం, అది బిల్లు కాదు, కానీ మన వాటా నిజంగా ఎంతో చెప్పేది అదే. పది రోజులకి అది వచ్చింది. మా వాటా 2,140 అని ఉంది. అంటే ఇన్సూరెన్స్ లెక్క తేలకముందే హాస్పిటల్ వాళ్ళు మొదటి బిల్లు పంపేశారన్నమాట. కట్టేసి ఉంటే ఆ 1,730 వెనక్కి రప్పించుకోవడానికి ఎన్ని మధ్యాహ్నాలు ఫోన్లో హోల్డ్ మ్యూజిక్ వింటూ కూర్చునేవాణ్ణో. ఆ తర్వాత ఐటమైజ్డ్ బిల్లు అడిగాను, అంటే ప్రతి సూదికీ ప్రతి మందుకీ విడివిడిగా లెక్క. అందులో సెలైన్ రెండుసార్లు రాసి ఉంది. మావాడికి ఎక్కించింది ఒక్కటే, పక్కన కూర్చుని ఒక్కో చుక్కా పడటం చూసినవాణ్ణి నేను. ఫోన్ చేస్తే ఇంకో 160 తీసేశారు. మిగిలిన 1,980ని నెలకి 110 చొప్పున 18 నెలలు, వడ్డీ లేకుండా. క్రెడిట్ చెక్ కూడా చేయలేదు.

ఇదంతా కార్డు గీకకపోవడం వల్ల వచ్చిన లాభం. బిల్లు హాస్పిటల్ చేతిలో ఉన్నంతకాలం దానికి ఒక రకమైన రక్షణ ఉంటుంది: ప్రశ్నించొచ్చు, తగ్గించమనొచ్చు, వాయిదాలు అడగొచ్చు, సాయానికి అప్లై చేయొచ్చు. దాన్ని కార్డు మీదకో లోన్ మీదకో మార్చిన క్షణం నుంచి అది మామూలు అప్పు, టీవీ కొన్న అప్పుకీ దానికీ తేడా ఉండదు. కింద ఏ దారి ఎప్పుడు పనికొస్తుందో పోల్చి రాస్తున్నాను, అన్నింటికీ వెనక ఉన్న లెక్క మాత్రం ఇదే.

ముందు క్రెడిట్ రిపోర్టు భయం సంగతి

చాలామంది తొందరపడి కార్డు గీకేది స్కోరు పడిపోతుందని. హాస్పిటల్స్ సాధారణంగా నేరుగా క్రెడిట్ బ్యూరోలకి (మన అప్పుల చరిత్ర రాసిపెట్టే కంపెనీలు) రిపోర్ట్ చేయవు. బిల్లు కలెక్షన్ ఏజెన్సీకి, అంటే బాకీలు వసూలు చేసే బయటి కంపెనీకి, వెళ్ళాకే సమస్య. అక్కడ కూడా ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడూ కలిసి కొన్ని నియమాలు పెట్టుకున్నాయి. 2022 జులై నుంచి, కలెక్షన్స్‌కి వెళ్ళిన మెడికల్ బిల్లు ఏడాది దాటేదాకా రిపోర్టులో కనిపించదు, అంతకుముందు ఆరు నెలలే ఉండేది. కట్టేసిన మెడికల్ కలెక్షన్ పూర్తిగా తీసేస్తారు. 2023 వసంతం నుంచి, మొదట 500 డాలర్ల లోపు ఉన్న మెడికల్ కలెక్షన్లు అసలు రిపోర్టులోకే రావు.

ఇక్కడ చిన్న కిటుకు. ఒక్క ఎమర్జెన్సీ విజిట్‌కి నాలుగు బిల్లులు రావచ్చు: హాస్పిటల్‌ది, అక్కడి డాక్టరుది, స్కాన్ చూసిన రేడియాలజిస్టుది, అంబులెన్సుది. ఒక్కొక్కటీ వేరే లెక్క. చేతిలో డబ్బు తక్కువుంటే చిన్నవన్నీ ముందు తుడిచేసి పెద్దది వదిలేస్తాం, మన మనసు అలాగే పనిచేస్తుంది. క్రెడిట్ కోణంలో అది తలకిందులు. 500 దాటినదానికి ముందు ఏర్పాటు చేయాలి. చిన్నవి ఎగ్గొట్టమని కాదు, వాటి మీద కూడా ఏజెన్సీ ఫోన్లు వస్తాయి, కోర్టుకి వెళ్ళే హక్కూ వాళ్ళకుంది. వరస గురించి మాత్రమే చెబుతున్నాను.

"మెడికల్ అప్పు ఇక క్రెడిట్ రిపోర్టులో ఉండదు" అనే వాట్సాప్ ఫార్వర్డ్ ఇప్పటికీ తిరుగుతోంది. దాని వెనక కథ ఉంది. సీఎఫ్‌పీబీ అనే ఫెడరల్ సంస్థ 2025 జనవరిలో అలాంటి రూలే తెచ్చింది, దాదాపు కోటిన్నర మంది రిపోర్టుల నుంచి 4,900 కోట్ల డాలర్ల అప్పు తొలగిపోతుందని చెప్పింది. అదే ఏడాది జులైలో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. కొలరాడో, న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలకి సొంత చట్టాలున్నాయి, కానీ వాటి మీద ఫెడరల్ చట్టానిదే పైచేయి అని 2025 అక్టోబర్‌లో అదే సీఎఫ్‌పీబీ మాట మార్చింది. కాబట్టి ఫార్వర్డ్‌ని నమ్ముకుని బిల్లు డ్రాయర్లో పడేయకండి.

ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. మీ ఫోన్ యాప్‌లో కనిపించే స్కోరు చాలాసార్లు వాంటేజ్‌స్కోర్, అది మెడికల్ కలెక్షన్లని 2023 నుంచి లెక్కలోకే తీసుకోవడం లేదు. మార్ట్‌గేజ్ ఇచ్చేవాళ్ళు ఎక్కువగా చూస్తూ వచ్చినవి ఫైకో అనే ఇంకో రకం స్కోరు పాత వెర్షన్లు, వాటికి మెడికల్ కలెక్షనైనా మరొకటైనా ఒకటే. యాప్‌లో 780 చూసి ధీమాగా వెళ్ళి లోన్ ఆఫీసరు ముందు తెల్లమొహం వేసే పరిస్థితి అలా వస్తుంది. కట్టని కలెక్షన్ రిపోర్టులో ఏడేళ్ళు ఉండగలదు.

ఇప్పుడు దారులు. లెక్కకి 6,000 డాలర్లు అనుకుందాం

హాస్పిటల్ పేమెంట్ ప్లాన్ నా మొదటి ఎంపిక, దాదాపు ఎప్పుడూ. 24 నెలలైతే నెలకి 250. చాలాచోట్ల వడ్డీ ఉండదు, ఉంటే అడిగి తెలుసుకోండి, కాగితం మీద తీసుకోండి. బిల్లు మీద ముందే రాసిన వాయిదా ఎక్కువగా ఉంటే "నేను నెలకి ఇంతే కట్టగలను" అని మన అంకె మనం చెప్పాలి. మొహమాటపడకండి, అవతలి మనిషికి రోజుకి యాభై మంది ఇదే చెబుతారు. ఒక జాగ్రత్త, కొన్ని హాస్పిటల్స్ "మా ప్లాన్" అని చెప్పి బయటి ఫైనాన్స్ కంపెనీ చేతిలో పెడతాయి. "ఇది మీ దగ్గరే ఉంటుందా, వేరే కంపెనీకి వెళ్తుందా?" అని సూటిగా అడగండి. వెళ్తుందంటే అది ప్లాన్ కాదు, లోన్.

దానికంటే ముందు చేయాల్సిన పని ఫైనాన్షియల్ అసిస్టెన్స్ దరఖాస్తు. దీని గురించి చెబితే మనవాళ్ళు "ఛ, మనకెందుకు, అది బీదవాళ్ళకి" అంటారు. లాభాపేక్ష లేని హాస్పిటల్స్ పన్ను మినహాయింపు పొందుతున్నందుకు బదులుగా ఈ సాయం విధానం రాసి పెట్టుకుని, అందరికీ తెలిసేలా చెప్పాలని చట్టం. డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టొచ్చు. మొదటి 120 రోజులు వాళ్ళు క్రెడిట్ బ్యూరోకి పంపడం, కేసు వేయడం లాంటివి చేయకూడదు. ఆదాయ పరిమితి ఒక్కో హాస్పిటల్‌కి ఒక్కోలా ఉంటుంది, కొన్నిచోట్ల పేదరిక రేఖకి మూడు నాలుగు రెట్లు ఉన్నా కొంత తగ్గింపు ఇస్తారు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళ డిడక్టిబుల్‌కి (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలెట్టేముందు ఏటా మనం కట్టాల్సిన మొత్తం) కూడా కొన్నిచోట్ల వర్తిస్తుంది. ఉద్యోగం పోయిన ఇల్లు, ఒక్క జీతం మీద నలుగురు బతికే ఇల్లు తప్పకుండా చూడాలి. చదవడానికి ఒక పూట పడుతుంది, అంతే.

హెచ్ఎస్ఏ, అంటే వైద్యం ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా, ఉంటే ఆ డబ్బు దీనికోసమే. కానీ హెచ్ఎస్ఏ ఉన్నా వడ్డీలేని ప్లాన్ దొరికితే నేను ప్లానే తీసుకుంటాను, రసీదులు దాచుకుంటాను. ఖాతా తెరిచాక అయిన ఖర్చుని ఎన్నేళ్ళ తర్వాతైనా పన్ను లేకుండా తీసుకోవచ్చు, ఈలోగా ఆ డబ్బు పెరుగుతుంది. రసీదులు పారేసే అలవాటు ఉన్నవాళ్ళు ఈ తెలివి వదిలేసి ఇప్పుడే కట్టేయడం మేలు.

ఇక మెడికల్ క్రెడిట్ కార్డు. డెంటిస్టు దగ్గర, కంటి డాక్టరు దగ్గర కుర్చీలో ఉండగానే ట్యాబ్లెట్ చేతికిచ్చి "ఐదు నిమిషాల్లో అప్రూవల్" అంటారే, అది. వీటిలో కేర్‌క్రెడిట్ బాగా తెలిసిన పేరు. అప్పట్లో జీఈ కిందున్న ఈ కార్డు విషయంలో, కస్టమర్లకి సరిగా వివరించకుండా చేర్చుకున్నారని 2013లో సీఎఫ్‌పీబీ 3.41 కోట్ల డాలర్ల దాకా వెనక్కి ఇవ్వమని ఆదేశించింది. అసలు మెలిక డెఫర్డ్ ఇంటరెస్ట్. "12 నెలల్లో పూర్తిగా కట్టేస్తే వడ్డీ లేదు" అన్న వాక్యంలో "పూర్తిగా" అన్న మాట మీద వేలు పెట్టి చదవండి. 6,000లో నెలకి 450 చొప్పున పన్నెండు నెలలు బుద్ధిగా కట్టారనుకోండి, 5,400 తీరింది, 600 మిగిలింది. అప్పుడు వడ్డీ ఆ 600 మీద పడదు. మొదటి రోజు నుంచి ఉన్న బాకీల మీద, వెనక్కి లెక్కేసి పడుతుంది. 30 శాతం పైన వడ్డీ ఉన్న కార్డైతే ఒక్కసారిగా వెయ్యి డాలర్లకి పైనే వచ్చి కూర్చుంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. నెలకి 500 ఆటోపే పెట్టుకుని మరిచిపోగలిగే క్రమశిక్షణ ఉంటే తప్ప దీని జోలికి వెళ్ళొద్దంటాను. అంత క్రమశిక్షణ ఉన్నవాళ్ళకి ప్లానే చాలు.

మామూలు బ్యాంకు కార్డుల్లో వచ్చే 0 శాతం ఆఫరు దీనికంటే నయం, ఎందుకంటే అక్కడ గడువు దాటాక మిగిలిన బాకీ మీదే, అప్పటి నుంచే వడ్డీ. అయినా రెండు చిక్కులున్నాయి. ఒకటి, కొత్త కార్డు కాబట్టి హార్డ్ ఇంక్వైరీ, అంటే అప్పు ఇచ్చేవాళ్ళు మన రిపోర్టు తీసి చూసినట్టు పడే గుర్తు. రెండు, యుటిలైజేషన్: లిమిట్ 10,000 ఉన్న కార్డు మీద 6,000 పెడితే 60 శాతం వాడినట్టు, స్కోరు ఆ నెలలోనే దిగుతుంది. ఎంత తమాషాగా ఉందో చూడండి, బిల్లు అలాగే వదిలేసి ఉంటే రిపోర్టులో కనపడటానికి ఏడాదికి పైగా పట్టేది, భయపడి కార్డు మీద పెట్టినందుకు నెలలో కనిపించింది. ఆ ఏడాది రక్షణ కార్డు బాకీకి లేదు. కట్టేశాక తీసేసే నియమమూ లేదు, లేటు పేమెంట్ మచ్చ ఏడేళ్ళు. ఒకవేళ ఆర్నెల్లలో బోనస్ వస్తుందని ఖాయంగా తెలిస్తే, హాస్పిటల్ ఒక్కసారి కడితే 20 శాతం తగ్గిస్తానంటే, అప్పుడు 0 శాతం కార్డు తెలివైన పనే. 1,200 మిగిలినట్టు. అలాంటి తగ్గింపు ఉందా అని అడగటం మరిచిపోవద్దు, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

పర్సనల్ లోన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 14 శాతానికి మూడేళ్ళంటే నెలకి సుమారు 205, మొత్తం మీద వడ్డీయే 1,380 దాకా. ఇప్పటికే 30 శాతం కార్డు మీద పెట్టేసినవాళ్ళు బయటపడటానికి పనికొస్తుంది, కొత్త బిల్లుకి కాదు.

401కె, అంటే కంపెనీ ద్వారా పెట్టుకునే రిటైర్మెంట్ ఖాతా, నుంచి తీసుకున్న అప్పు క్రెడిట్ రిపోర్టులో కనిపించదు, వడ్డీ మన ఖాతాకే వెళ్తుంది, అందుకే చాలామందికి ఇది ముద్దుగా కనిపిస్తుంది. మన వాటాలో సగం దాకా, ఎక్కువలో ఎక్కువ 50,000, మామూలుగా ఐదేళ్ళలో తీర్చాలి. కానీ హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు రెండుసార్లు ఆలోచించండి. ఉద్యోగం పోతే చాలా కంపెనీల్లో మొత్తం ఒకేసారి తిరిగి కట్టమంటారు, ఆ ఏడాది ట్యాక్స్ ఫైల్ చేసే గడువులోగా సర్దలేకపోతే అది ఆదాయం కింద లెక్క, 59న్నర ఏళ్ళ లోపు వాళ్ళకి సాధారణంగా పైన 10 శాతం పెనాల్టీ కూడా. ఉద్యోగం లేని నెలల్లోనే ఆ డబ్బు అడుగుతారన్నమాట, వీసా టెన్షన్ పక్కన ఇదొకటి.

స్నేహితుడి దగ్గర చేబదులు? మనకి అందుబాటులో ఉన్న దారుల్లో వడ్డీ లేనిది, రిపోర్టుకెక్కనిది ఇదొక్కటే అని కొందరంటారు. ఇదొక్కటే కాదు. హాస్పిటలే వడ్డీ లేకుండా రెండేళ్ళు ఇస్తుంటే స్నేహితుడిని ఎందుకు ఇబ్బంది పెట్టడం అని నా అనుమానం.

ఎవరి పేరు మీద పడుతుంది

భార్యాభర్తల క్రెడిట్ రిపోర్టులు వేరువేరు. పిల్లల బిల్లు గ్యారంటార్‌గా (కట్టే బాధ్యత నాదని ఒప్పుకునే మనిషిగా) ఎవరు సంతకం పెట్టారో వాళ్ళ పేరున వస్తుంది. ఇల్లు కొనేటప్పుడు ఇద్దరూ కలిసి అప్లై చేస్తే వడ్డీ రేటుకి తక్కువ స్కోరు ఉన్నవాళ్ళది చూడటం మామూలు, కాబట్టి ఒకరి మీద పడ్డ మచ్చ ఇద్దరి జేబునీ తాకుతుంది. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనాతో కలిపి తొమ్మిది కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్ళయ్యాక వచ్చిన ఆస్తి, అప్పు ఇద్దరివీ అనే చట్టం ఉన్న) రాష్ట్రాలున్నాయి. అక్కడ పెళ్ళయ్యాక చేసిన అప్పు సాధారణంగా ఇద్దరిదీ, ఎవరు సంతకం పెట్టినా. మనవాళ్ళు ఎక్కువగా ఉండే కొన్ని రాష్ట్రాలు ఇందులో ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను.

ఇన్సూరెన్స్ మధ్యలో తెగిపోతే: కోబ్రానా, మార్కెట్‌ప్లేసా

పెద్ద బిల్లులు చాలావరకు పుట్టేది ఈ ఖాళీలోనే. ఉద్యోగం పోయిన రోజు హెచ్ఆర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న సెవరెన్స్ గురించి కాదు, కవరేజీ ఈ రోజుతో ఆగుతుందా, నెలాఖరు దాకా ఉంటుందా అని. కంపెనీని బట్టి మారుతుంది.

కోబ్రా అంటే పాత ప్లానే కొనసాగించడం. 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలకి వర్తిస్తుంది, ఉద్యోగం పోయినవాళ్ళకి 18 నెలల దాకా. కంపెనీ ఇన్నాళ్ళూ కట్టిన వాటాతో సహా మొత్తం ప్రీమియం, పైన 2 శాతం మనమే కట్టాలి, అందుకే ఆ అంకె చూడగానే గుండె గుభేలుమంటుంది. మార్కెట్‌ప్లేస్ ప్లాను, అంటే ప్రభుత్వ ఇన్సూరెన్స్ సైటులో మనమే కొనుక్కునేది, ఆదాయాన్ని బట్టి చవగ్గా రావచ్చు, కవరేజీ పోయాక 60 రోజుల్లోపు చేరాలి, చేరిన తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచి మొదలవుతుంది.

ఏది మంచిదంటే, ఏడాదిలో ఎంత దూరం వచ్చారన్నది చూడండి. సెప్టెంబరులో ఉద్యోగం పోయింది, డిడక్టిబుల్ అప్పటికే నిండిపోయింది, ఇంట్లో కాన్పు దగ్గర పడిందనుకోండి. కొత్త ప్లానుకి మారితే డిడక్టిబుల్ మళ్ళీ సున్నా నుంచి. అలాంటప్పుడు ఖరీదైనా కోబ్రాయే చవక. ఫిబ్రవరిలో పోయి, అందరూ ఆరోగ్యంగా ఉంటే మార్కెట్‌ప్లేస్.

మధ్యలో ఉన్న రోజుల సంగతేంటి? ఇక్కడ కోబ్రాలో ఒక వెసులుబాటుంది. ఎంచుకోవడానికి 60 రోజులు టైమిస్తారు, ఎంచుకుంటే కవరేజీ పోయిన తేదీ నుంచే వెనక్కి వర్తిస్తుంది, మొదటి ప్రీమియం కట్టడానికి ఆ తర్వాత ఇంకో 45 రోజులు. అంటే ఒకటో తారీఖున మార్కెట్‌ప్లేస్ మొదలయ్యేదాకా కోబ్రా కాగితం సంతకం పెట్టకుండా దగ్గర ఉంచుకోవచ్చు. ఏమీ జరక్కపోతే చింపేయండి. పిల్లాడు చెయ్యి విరగ్గొట్టుకుంటే సంతకం పెట్టి వెనక నుంచి ప్రీమియం కట్టండి. ఈలోగా హాస్పిటల్ కంప్యూటర్లో "ఇన్సూరెన్స్ లేదు" అనే కనిపిస్తుంది, బిల్లు మొత్తం మీ పేరున వస్తుంది, కంగారుపడి కట్టకుండా కోబ్రా యాక్టివ్ అయ్యాక క్లెయిమ్ మళ్ళీ పంపమనాలి. ఒకసారి కోబ్రా తీసుకుని, ఆ 60 రోజులూ దాటాక భారంగా ఉందని మధ్యలో మానేస్తే మాత్రం మార్కెట్‌ప్లేస్ తలుపు ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా అందరూ చేరగలిగే రోజులు) దాకా తెరుచుకోదు.

షార్ట్ టర్మ్ ప్లాన్లు చవగ్గా కనిపిస్తాయి. పాత జబ్బులకి ఇవ్వరు, కాన్పుకి సాధారణంగా ఇవ్వరు. ఒంటరిగా, ఇరవై ఏళ్ళ వయసులో ఉన్నవాళ్ళు రెండు నెలలకి తీసుకుంటే ఏమో గానీ ఇంటిల్లిపాదికీ వద్దు.

ఇన్సూరెన్స్ ఉన్నా వచ్చే ఇంకో ఖాళీ నెట్‌వర్క్‌ది, అంటే మన ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, హాస్పిటల్స్ జాబితాది. 2022 జనవరి నుంచి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ఉంది కాబట్టి ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి హాస్పిటల్‌కి వెళ్ళినా, నెట్‌వర్క్ హాస్పిటల్‌లో మనం ఎంచుకోని మత్తు డాక్టరు బయటివాడైనా, మన వాటా నెట్‌వర్క్ లెక్కనే. హెలికాప్టర్‌కి కూడా ఇది వర్తిస్తుంది, రోడ్డు మీద పోయే అంబులెన్సుకి వర్తించదు. ఎందుకలా వదిలేశారో చట్టం చేసినవాళ్ళకే తెలియాలి. ఇన్సూరెన్స్ లేకుండా ముందే అనుకున్న వైద్యానికి వెళ్తే గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్, అంటే ఖర్చు ఎంతవుతుందో ముందే రాసిచ్చే అంచనా, అడగండి. బిల్లు దానికంటే 400 డాలర్లు లేదా అంతకు మించి ఎక్కువొస్తే 120 రోజుల్లోపు వివాదం వేయొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ తోసిపుచ్చితే అప్పీలుకి 180 రోజులుంటాయి, అందులోనూ ఓడితే బయటి సంస్థ చేత రివ్యూ అడగడానికి నాలుగు నెలలు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు

విజిటర్ పాలసీలు రెండు రకాలు. ఫిక్స్‌డ్ బెనిఫిట్‌లో ఒక్కో సేవకి ఇంత అని ముందే రాసిన మొత్తమే ఇస్తారు. ఎమర్జెన్సీ రూముకి వాళ్ళిచ్చేది కొన్ని వందలు, బిల్లు కొన్ని వేలు. కాంప్రహెన్సివ్‌లో డిడక్టిబుల్ తర్వాత శాతం లెక్కన, పాలసీ పరిమితి దాకా ఇస్తారు. ప్రీమియం తేడా చూసి ఫిక్స్‌డ్ తీసుకోవడం మనం తరచూ చేసే తప్పు. నేనూ చేశాను, అదృష్టం బాగుండి ఆ ఆర్నెల్లూ అమ్మకి జలుబు కూడా చేయలేదు. రెండింటిలోనూ బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకి కవరేజీ ఉండదు, ఉన్నా హఠాత్తుగా ముదిరితేనే, దానికి వయసు పరిమితీ ఉంటుంది. పాలసీ కాగితంలో "అక్యూట్ ఆన్‌సెట్" అన్న పేరా ఒక్కటి చదివితే సగం సంగతి తెలుస్తుంది.

హాస్పిటల్లో అడ్మిషన్ కౌంటర్ దగ్గర కాగితాల కట్ట మీ చేతికే ఇస్తారు, ఎందుకంటే ఇంగ్లీషు వచ్చింది మీకు. అందులో గ్యారంటార్ గడి ఉంటుంది. నాన్నగారి బిల్లు ఆయనది. మీరు అక్కడ సంతకం పెడితే మీది. ఎమర్జెన్సీలో ఆ సంతకం లేకపోయినా ముందు పరీక్ష చేసి, ప్రాణాపాయం లేకుండా చూడాలని ఫెడరల్ చట్టం, ఎమ్టాలా అంటారు. కట్టొద్దని నేననడం లేదు, ఎలాగూ మనమే కడతాం, తండ్రి బిల్లు ఎగ్గొట్టే కొడుకులం కాదు. కానీ బేరమాడే వెసులుబాటు, వాయిదాల వెసులుబాటు మన క్రెడిట్‌ని తాకట్టు పెట్టకుండా ఉంటే బాగుంటుంది. "పేషెంటు తరఫున" అని రాసి సంతకం పెట్టండి, గ్యారంటార్ గడి ఖాళీగా వదలండి.

ఇప్పటికే కలెక్షన్స్‌కి వెళ్ళిపోతే

ఫోన్‌లో ఒప్పుకోవద్దు, కార్డు నంబరు అసలే చెప్పొద్దు. వాళ్ళ నోటీసు అందిన 30 రోజుల్లోపు ఉత్తరం రాసి అప్పు రుజువు చూపమనండి, చూపేదాకా వసూలు ఆపాలి. రుజువు వస్తే దాన్ని ఈఓబీ పక్కన పెట్టి పోల్చండి, అంకెలు కలవకపోతే హాస్పిటల్ బిల్లింగ్ వాళ్ళకి, ఇన్సూరెన్స్‌కి ముగ్గురూ లైన్లో ఉండేలా కాల్ పెట్టండి. నేను మూడు మెయిళ్ళతో తెమలని పనిని అలాంటి ఒక్క కాల్‌తో తెమల్చుకున్నాను. అంకె సరైనదేనని తేలితే తగ్గింపు మాట్లాడి, ఒప్పందం కాగితం మీద వచ్చాకే కట్టండి. మెడికల్ కలెక్షన్ కట్టేశాక రిపోర్టులోంచి పోవాలి కాబట్టి రెండు నెలలాగి యాన్యువల్‌క్రెడిట్‌రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు బ్యూరోలవీ తీసి చూడండి, వారానికోసారి ఉచితమే. ఒకదాంట్లో పోయి ఇంకోదాంట్లో మిగిలిపోవడం జరుగుతుంటుంది, అప్పుడు ఆ బ్యూరో దగ్గర డిస్ప్యూట్ వేసి కట్టిన రసీదు జతచేయండి.